చీర్‌డాన్స్: పుట్టుక, ప్రాథమిక అంశాలు. విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

వార్షికోత్సవానికో, స్పోర్ట్స్ డేకో, హౌస్‌ల మధ్య పోటీకో మొదటిసారి చీర్‌డాన్స్ జట్టు కడుతున్న విద్యార్థుల కోసం, వాళ్లకు నేర్పే పీఈటీల కోసం ఈ పేజీ. పిల్లలు ముందుగా అడిగేది గాల్లోకి ఎగరేసే స్టంట్ల గురించే. ఇక్కడ వాటిని కావాలనే చివరి వైపుకు జరిపాం. ఈ కళకు ప్రాణం గొంతులోనూ చేతుల్లోనూ ఉంది. అవి కుదిరిన జట్టు ఒక్క స్టంట్ చేయకపోయినా బాగుంటుంది. అవి కుదరకపోతే ఎంత ఎత్తుకు ఎగిరినా గందరగోళంగానే కనిపిస్తుంది.

చీర్‌డాన్స్ అంటే ఏమిటి? చీర్‌లీడింగ్ కంటే వేరా?

చీర్‌లీడింగ్ అంటే నినాదాలతో, కదలికలతో ప్రేక్షకుల చేత ఒక్క గొంతుతో అరిపించడం. దానికి సంగీతం, నాట్యం జోడించి మొదలు నుంచి చివరిదాకా ఒకే ప్రదర్శనగా అల్లితే అది చీర్‌డాన్స్.

ఈ మాటకు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం ఉంది. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లో చీర్‌డాన్స్ అంటే నినాదాలు, నాట్యం, పల్టీలు, మనుషులను పైకెత్తే స్టంట్లు, పిరమిడ్లు అన్నీ కలిసినది. అక్కడి యూనివర్సిటీల క్రీడా సంఘం యూఏఏపీ 1994 నుంచి దీనికి ప్రత్యేకంగా పోటీ పెడుతోంది. జపాన్‌లో అదే మాటకు స్టంట్లు లేని, నాట్యం ముఖ్యమైన రూపమని అర్థం. పాంపాంలు (మెరిసే పట్టీల కుచ్చు బంతులు) పట్టుకుని చేసే నాట్యం, హిప్‌హాప్, జాజ్, వరుసగా నిలబడి కాళ్లు పైకి విసిరే లైన్ డాన్స్, ఇవే అక్కడి భాగాలు. కాబట్టి మీ స్కూల్ ఏ పద్ధతిలో వెళ్తుందో మొదటి రోజే తేల్చుకోండి. శిక్షణ ఉన్న కోచ్, మెత్తని మ్యాట్లు లేని స్కూళ్లకు జపాన్ పద్ధతే సరైనదని మా గట్టి అభిప్రాయం.

ఇది ఎక్కడ, ఎప్పుడు పుట్టింది?

అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ మైదానాల్లో, 19వ శతాబ్దం చివరి భాగంలో. ప్రిన్స్‌టన్ విద్యార్థులు గ్యాలరీల్లో కూర్చుని కలిసికట్టుగా నినాదాలు చేసేవారు. అక్కడ చదివిన థామస్ పీబుల్స్ 1884లో ఆ అలవాటును మిన్నెసోటా యూనివర్సిటీకి తీసుకెళ్లాడు. అయితే అప్పటికి అరిచేది ప్రేక్షకులే, వాళ్ల ముందు నిలబడి నడిపించేవాళ్లు లేరు.

1898లో మిన్నెసోటా జట్టు వరుసగా ఓడిపోతోంది. ఆ నవంబర్‌లో నార్త్‌వెస్టర్న్ జట్టుతో ఆట జరుగుతుండగా జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి మెగాఫోన్ పట్టుకుని ప్రేక్షకుల ముందుకు వచ్చి నినాదం ఎత్తుకున్నాడు. "రా, రా, రా! స్కై-యు-మా! హూ-రా! హూ-రా!" అంటూ మొదలై వర్సిటీ పేరు, మిన్నెసోటా పేరు పలికే ఆ నినాదం ఆ యూనివర్సిటీలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ రోజు మిన్నెసోటా 17-6 తేడాతో గెలిచింది. చీర్‌లీడింగ్ పుట్టినరోజుగా 1898 నవంబర్ 2ను చెప్పుకుంటారు.

మొదట్లో అందరూ మగవాళ్లేనట, నిజమేనా?

నిజమే. అప్పట్లో వాళ్లను యెల్ లీడర్లు అనేవారు. అమ్మాయిలకు చోటు దొరికింది 1923లో, అదీ మిన్నెసోటాలోనే. రెండో ప్రపంచ యుద్ధానికి కుర్రాళ్లు వెళ్లిపోయాక కాలేజీల్లో ఆ బాధ్యత ఎక్కువగా అమ్మాయిల మీద పడింది, తర్వాత వాళ్లదే అయింది. అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో మోకాలి గాయంతో ఫుట్‌బాల్ మానుకున్నాక చీర్‌లీడర్‌గా చేశాడు. జార్జ్ డబ్ల్యూ. బుష్ తన హైస్కూల్‌లో హెడ్ చీర్‌లీడర్. టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో యెల్ లీడర్లు ఈ రోజుకీ ఉన్నారు.

మీ క్లాసులో ఏ అబ్బాయి అయినా "ఇది ఆడపిల్లల పని" అని వెనక్కి తగ్గితే ఈ చరిత్ర చెప్పండి. గొంతుకూ, జంప్‌లకూ, స్టంట్లలో కింద మోసే బేస్‌గా నిలబడటానికీ అబ్బాయిలు చాలా అవసరం.

మరి డాన్స్ ఎప్పుడు కలిసింది?

1940లో, టెక్సస్‌లోని కిల్‌గోర్ కాలేజీలో. ఫుట్‌బాల్ హాఫ్‌టైమ్‌లో ప్రేక్షకులు సీట్లు వదిలి బయటికి పోకుండా కూర్చోబెట్టడానికి ఏదైనా చేయాలని కాలేజీ అనుకుంది. గస్సీ నెల్ డేవిస్ అనే ఉపాధ్యాయురాలు రేంజరెట్స్ అనే అమ్మాయిల జట్టును తయారుచేసింది. మైదానంలో ఒకే వరుసలో నిలబడి ఒకే ఎత్తుకు కాళ్లు విసిరే ఆ నాట్యం అమెరికా అంతటా పాకింది. ఈనాటి హై కిక్ విభాగానికి మూలం ఆ వరుసలే.

చీర్‌ను ఒక విద్యలా నేర్పడం మొదలుపెట్టినవాడు లారెన్స్ హెర్కిమర్. అతను 1948లో టెక్సస్‌లో పెట్టిన మొదటి శిక్షణ శిబిరానికి 52 మంది అమ్మాయిలు వచ్చారు. పాంపాంకు పేటెంట్ తీసుకున్నదీ అతనే. హెర్కీ అనే జంప్‌కు ఆ పేరు అతని నుంచే వచ్చింది. 1972లో డాలస్ కౌబాయ్స్ చీర్‌లీడర్లు పూర్తి స్థాయి నాట్య బృందంగా మైదానంలోకి దిగాక టీవీ ప్రేక్షకుల దృష్టిలో చీర్ అంటే డాన్సే అయిపోయింది.

2004లో ఇంటర్నేషనల్ చీర్ యూనియన్ ఏర్పడింది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దానికి 2016లో తాత్కాలికంగా, 2021 జులైలో పూర్తిగా గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన ఒలింపిక్స్‌లో పోటీగా చేరినట్టు కాదు. ఈ రెండూ వేరని క్విజ్ పోటీలకు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఐపీఎల్‌లో బౌండరీ కొట్టినప్పుడు చేసేది ఇదేనా?

దాని ఒక ముక్క మాత్రమే. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు మన దగ్గర చాలామంది చీర్‌లీడర్లను చూసింది అదే తొలిసారి. అక్కడ పది పదిహేను సెకన్ల నాట్యం ఉంటుంది. ప్రేక్షకులతో నినాదం చేయించడం, జంప్‌లు, పల్టీలు పెద్దగా ఉండవు. పోటీ చీర్‌డాన్స్‌లో రెండు నిమిషాలకు పైగా ఆగకుండా కదలాలి, అరవాలి, ఎగరాలి. ఊపిరి పరంగా చూస్తే 400 మీటర్ల పరుగు కంటే తేలికైన పనేమీ కాదు.

మొదట ఏ చేతి కదలికలు నేర్చుకోవాలి?

వీటినే మోషన్స్ అంటారు. పదీ పన్నెండు నేర్చుకుంటే ఒక పూర్తి ప్రదర్శన అల్లుకోవచ్చు. ముందు పిడికిలి సరిచూసుకోండి. బొటనవేలు వేళ్ల బయట ఉండాలి, లోపల దాచకూడదు. మణికట్టు అటూ ఇటూ వంగకుండా మోచేతి నుంచి పిడికిలి దాకా స్కేలు పెట్టినట్టు ఉండాలి.

హై వి: రెండు చేతులూ పైకి, పక్కలకు చాచి. భుజాలకు సూటిగా కాకుండా అర అడుగు ముందుకు ఉండాలి. తల కదపకుండా ఎదురుగా చూస్తున్నప్పుడు కంటి చివరల్లో మీ పిడికిళ్లు రెండూ లీలగా కనిపిస్తే సరైన చోటే ఉన్నట్టు. బొటనవేలి వైపు ప్రేక్షకులకు కనిపించాలి.

లో వి: అదే ఆకారం కిందికి.

టి: చేతులు భుజాల ఎత్తులో నేలకు సమాంతరంగా. మోచేతులు మడిచి పిడికిళ్లను ఛాతీ ముందుకు తెస్తే అది హాఫ్ టి.

టచ్‌డౌన్: రెండు చేతులూ చెవుల పక్కన నిటారుగా పైకి. పిడికిళ్లు ఒకదానికొకటి ఎదురుగా, చిటికెన వేలి వైపు ప్రేక్షకులకు. చేతుల మధ్య భుజాలంత దూరమే ఉండాలి. విడిపోతే హై విలా కనిపిస్తుంది.

ఎల్: ఒక చేయి టచ్‌డౌన్‌లో, ఇంకొకటి టిలో. డయాగ్నల్: ఒకటి హై విలో, ఇంకొకటి లో విలో. రెండు చేతులూ కలిపి చూస్తే ఏటవాలుగా ఒకే గీత కనిపించాలి.

బో అండ్ యారో: విల్లు ఎక్కుపెట్టినట్టు ఒక చేయి పక్కకు చాచి, రెండోది మోచేయి మడిచి ఛాతీ దగ్గర. పంచ్: ఒక చేయి టచ్‌డౌన్‌లో, రెండోది నడుం మీద. డాగర్స్: మోచేతులు పక్కటెముకలకు ఆనించి, పిడికిళ్లు భుజాల ముందు.

ఇవి కాక చప్పట్లు, క్లాస్ప్. మామూలు చప్పట్లు కొట్టేటప్పుడు అరచేతులు చదునుగా, గడ్డం కింద ఛాతీ ముందు ఉంటాయి. క్లాస్ప్ అంటే రెండు చేతులూ ఒకదాన్ని ఒకటి పట్టుకోవడం. దాంట్లో శబ్దం గట్టిగా వస్తుంది, చేతులు ఎక్కువ దూరం తెరుచుకోవు. అందుకే జంప్‌కు ముందు దాన్నే వాడతారు.

అన్నీ వచ్చినా జట్టు చేతులు పదునుగా కనిపించడం లేదు. ఎందుకు?

సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది, చేయి చేరాల్సిన చోటికి గుండ్రంగా తిరిగి వెళ్లడం. నడుం మీది నుంచి హై వికి పోయేటప్పుడు విసనకర్రలా ఊపకుండా, ఛాతీ దగ్గరికి తెచ్చి అక్కడి నుంచి సూటిగా కొట్టాలి. దగ్గరి దారి ఎప్పుడూ పదునుగానే కనిపిస్తుంది.

రెండోది, ఆగకపోవడం. చేయి వేగంగా వెళ్లి, చేరిన చోట గోడకు తగిలినట్టు ఆగాలి. ఆగిన తర్వాత ఊగితే భుజం వదులుగా ఉందని అర్థం. పొట్ట బిగించి, భుజాలు కిందికి దించి మళ్లీ చేయించండి.

మూడోది, ఒక్కొక్కరి హై వి ఒక్కో ఎత్తులో ఉండటం. దీనికి అద్దం చాలదు. జట్టును వరుసగా నిలబెట్టి ఒక తాడును అందరి పిడికిళ్ల వెంట లాగి చూడండి, ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో వెంటనే తేలుతుంది. పొడవు తేడా వల్ల వచ్చే తేడా సహజమే. కోణం మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి.

కోలాటం, చెక్కభజన చేసిన పిల్లలకు అడుగూ దెబ్బా ఒకేసారి పడటం ముందే అలవాటై ఉంటుంది. వాళ్లకు అలవాటు కానిది ఈ ఆగడం. ఆ నాట్యాల్లో కదలిక ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారుతుంది, చీర్‌లో తెగుతుంది.

నినాదం తెలుగులో రాసుకోవచ్చా? ఎలా?

రాసుకోవచ్చు, రాసుకోవాలి కూడా. ప్రేక్షకులు తమ భాషలోనే గట్టిగా బదులిస్తారు. ఇంగ్లిష్ నినాదాన్ని అప్పు తెచ్చుకుంటే హాలులో సగం మంది నోరు మెదపరు.

నినాదాలు రెండు రకాలు. ఛాంట్ అంటే ఒకటి రెండు వాక్యాలు, మూడుసార్లు తిప్పి చెప్పేది. చీర్ అంటే నాలుగు నుంచి ఎనిమిది వాక్యాల వరకు ఉండి, మోషన్స్‌తో ఒక్కసారే చెప్పేది. మొదట ఛాంట్‌తో మొదలుపెట్టండి.

లెక్క ఎనిమిది దెబ్బలకు (బీట్లకు) కుదరాలి. ఉదాహరణకు "నీలం జట్టు ముందుకే!" చూడండి. నీ-1, లం-2, జట్-3, టు-4, ముం-5, దు-6, కే-7, ఎనిమిదో దానికి చప్పట్లు. తెలుగు వాచకంలో నేర్చుకున్న గురువు, లఘువు ఇక్కడ పనికొస్తాయి. 1, 3, 5, 7 లెక్కల మీద గురువులు పడ్డాయి కాబట్టి ఆ దెబ్బ మైదానం చివరిదాకా వినిపిస్తుంది. అదే "విజయపథమున పయనిద్దాం" అని రాస్తే మొదటి తొమ్మిదీ లఘువులే, వరుసగా దొర్లిపోతాయి. కాగితం మీద బాగున్నా వంద మంది కలిసి అరిస్తే ముద్దగా వినిపిస్తుంది.

ఇంకో సంగతి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అచ్చు గొంతును దూరం మోస్తుంది, అది మేలు. కానీ ఒక్కొక్కరూ ఒక్కో పొడవున సాగదీస్తే చివర చెదిరిపోతుంది. "ముందుకే" లోని చివరి ఏకారాన్ని సరిగ్గా ఒక్క దెబ్బకే తుంచేయాలని ముందే చెప్పుకోండి.

ప్రేక్షకులను కలుపుకోవాలంటే వాళ్ల వంతు ఒక్క మాటకు మించకూడదు. జట్టు "నీలం అంటే?" అని అడిగితే జనం "గెలుపే!" అనాలి. మొదటిసారి జట్టులో సగం మంది ప్రేక్షకుల వైపు చేయి చూపిస్తూ తామే ఆ బదులు చెప్పాలి. రెండోసారి నుంచి జనం అందుకుంటారు.

అరుపు గొంతులోంచి కాక పొట్టలోంచి రావాలి. కీచుగా అరిస్తే పది నిమిషాల్లో గొంతు బొంగురుపోతుంది, పైగా మాట అర్థం కాదు. మామూలుగా మాట్లాడే శ్రుతి కంటే కాస్త కిందికి దించి, నోరు పెద్దగా తెరిచి, ప్రతి అక్షరం విడగొట్టి చెప్పాలి. గొంతు నొప్పి మొదలైతే ఆ రోజుకు నినాదాలు ఆపి, చేతుల సాధన మాత్రమే చేయండి.

"ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని ఎందుకు లెక్కపెడతారు?

ప్రదర్శన మొత్తాన్నీ ఎనిమిది దెబ్బల ముక్కలుగా కోస్తారు. మొదటి దెబ్బకు అందరూ సిద్ధంగా ఉండటానికి అంతకుముందు ముక్కలోని చివరి నాలుగు లెక్కపెడతారు. నిమిషానికి 144 దెబ్బల వేగమున్న పాట తీసుకుంటే రెండు నిమిషాలకు 288 దెబ్బలు, అంటే 36 ముక్కలు. ఒక కాగితం మీద 36 గీతలు గీసి, ఏ గీతలో ఏం జరుగుతుందో రాసేయండి. కొరియోగ్రఫీ అంటే మొదటి రోజు చేయాల్సిన పని ఇదే. కొత్త జట్టు నిమిషానికి 130 చుట్టూ ఉన్న పాటతో మొదలుపెడితే చేతులు ఆగడానికి సమయం దొరుకుతుంది.

జంప్‌లు ఎలా నేర్చుకోవాలి?

ప్రతి జంప్‌లోనూ సిద్ధపడటం, ఊపు, ఎగరడం, దిగడం అనే నాలుగు దశలుంటాయి. లెక్క ఇలా వేసుకోండి. 1-2 క్లాస్ప్, మడమలు పైకి. 3-4 హై వి. 5కు చేతులు కిందికి ఊపి మోకాళ్లు వంచడం. 6కు గాల్లో. 7కు నేల మీద, మోకాళ్లు కొద్దిగా వంగి, రెండు పాదాలూ దగ్గరగా. 8కి నిటారుగా.

మొదట టక్: మోకాళ్లు ఛాతీ వైపు. తర్వాత స్ప్రెడ్ ఈగిల్: కాళ్లూ చేతులూ ఎక్స్ ఆకారంలో. హెర్కీలో ఒక కాలు పక్కకు చాచి, రెండో కాలు మడిచి మోకాలు నేల వైపు చూస్తుంది. మడిచిన మోకాలు నేల వైపు కాకుండా ముందుకు తిరిగితే అది సైడ్ హర్డ్‌లర్. రెండింటికీ తేడా ఆ మోకాలి దిశే.

టో టచ్ పేరు మోసం చేస్తుంది. కాలి వేళ్లను ముట్టుకోవడానికి వంగకూడదు. వీపు నిటారుగా, చేతులు టిలో ఉంచి, కాళ్లను చేతుల దగ్గరికి తేవాలి. మోకాలి చిప్పలు పైకి చూడాలి, ముందుకు కాదు. ముందుకు చూస్తున్నాయంటే తుంటి తిరగలేదని అర్థం.

ఎత్తు రాకపోవడానికి కాళ్లలో బలం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 5 లెక్కలో చేతుల ఊపు ఆలస్యమైతే శరీరం పైకి లేవదు. చేతులు పైకి వెళ్లే క్షణమూ పాదాలు నేల వదిలే క్షణమూ ఒకటే కావాలి. కూర్చుని కాళ్లు చాచి, చేతులు నేలకు ఆనించి, రెండు కాళ్లనూ కలిపి 10 సార్లు పైకి లేపడం, అలా మూడు విడతలు రోజూ చేస్తే తొడ ముందు కండరాలు నెల రోజుల్లో మారతాయి. కొత్తవాళ్లు రోజుకు 20 నుంచి 25 జంప్‌లకు మించకూడదు, అదీ సిమెంటు నేల మీద కాకుండా. మోకాలి కింద, పిక్క ముందు ఎముక మీద నొప్పి వస్తే అది గట్టి నేల వల్ల కావచ్చు. రెండు మూడు రోజులు జంప్‌లు ఆపండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

డాన్స్ భాగంలో ఏం ఉండాలి?

ఇంటర్నేషనల్ చీర్ యూనియన్ నాట్య విభాగాలు నాలుగు: పామ్ (పాంపాంలతో చేసేది), హిప్‌హాప్, జాజ్, హై కిక్. స్కూల్ ప్రదర్శనకు పామ్ ప్రధానంగా పెట్టుకుని, మధ్యలో నాలుగైదు ముక్కలు హిప్‌హాప్ కలిపితే చాలు. అన్నీ కూరితే ఏదీ కనిపించదు.

చూసేవాళ్లకు నచ్చేది కష్టమైన అడుగు కాదు, జట్టు మొత్తం కలిసి గీసే బొమ్మ. దానికి మూడు ఉపాయాలున్నాయి. ఒకటి అల: ఒకే కదలికను ఎడమ చివరి నుంచి కుడి చివరికి ఒక్కో దెబ్బకు ఒక్కొక్కరు చేయడం. రెండోది ఎత్తుల తేడా: ముందు వరుస మోకాళ్ల మీద, మధ్య వరుస వంగి, వెనక వరుస నిలబడి. మూడోది ఎదురుబొదురు: ఒక గుంపు హై వి కొడుతుంటే ఇంకో గుంపు లో వి.

నిలబడే తీరుకు 16 మంది ఉంటే ముందు 5, మధ్య 6, వెనక 5 మందిని పెట్టండి. ముందువాళ్ల మధ్య ఖాళీల్లోంచి వెనకవాళ్లు కనిపించాలి. ఒక ఆకారం నుంచి ఇంకోదానికి మారడానికి ఎనిమిది దెబ్బలు ఇవ్వండి, నాలుగు చాలవు. ఎవరు ముందు నుంచి పోతారో ఎవరు వెనక నుంచి పోతారో రాసి పెట్టకపోతే ఢీకొనేది అక్కడే. నేల మీద సుద్దముక్కతో మధ్య గీత గీసి, ఇరువైపులా రెండేసి అడుగులకు గుర్తులు పెట్టుకోండి.

పిరమిడ్లు, స్టంట్లు చేయొచ్చా?

శిక్షణ పొందిన కోచ్ పక్కన నిలబడి ఉంటేనే. కోచ్ లేకపోతే చేయకూడదు. ఉట్టి కొట్టేటప్పుడు మనిషి మీద మనిషి ఎక్కడం చూశాం కదా అని మొదలుపెట్టవద్దు. తీవ్రమైన తల, మెడ గాయాలు ఎక్కువగా జరిగేది ఈ భాగంలోనే, అవి జీవితాంతం వెంటాడొచ్చు.

తెలుసుకోవలసిన పేర్లు ఇవి. కింద మోసేవాళ్లు బేస్‌లు, పైన నిలబడేవాళ్లు ఫ్లయర్, వెనక నిలబడి ఫ్లయర్ తల, భుజాలను కాపాడేవాళ్లు బ్యాక్ స్పాట్. అన్నిటికంటే బరువైన బాధ్యత బ్యాక్ స్పాట్‌ది. ఆ చోటుకు పొడవుగా, చురుగ్గా ఉన్నవాళ్లను ఎంచుకుంటారు, వాళ్ల కళ్లు ఫ్లయర్ మీది నుంచి ఒక్క క్షణం కూడా పక్కకు పోకూడదు.

మొదటి స్టంట్ థై స్టాండ్. ఇద్దరు బేస్‌లు ఒకరి వైపు ఒకరు ఒక మోకాలు వంచి, రెండో కాలు చాచి నిలబడతారు (దీన్నే లంజ్ అంటారు). ఫ్లయర్ వాళ్ల తొడల మీద, తుంటికి దగ్గరగా మడత పడే చోట పాదం పెట్టాలి. తొడ మధ్యలో పెడితే బేస్‌కు నొప్పి, జారే ప్రమాదం కూడా. బేస్ ఒక చేత్తో ఫ్లయర్ పాదాన్ని, ఇంకో చేత్తో మోకాలి పైభాగాన్ని పట్టుకుంటారు. ఫ్లయర్ కిందికి చూస్తే శరీరం ముందుకు వాలుతుంది, అందుకే చూపు ఎదురుగా కాస్త పైకి ఉండాలి. దిగడం కూడా లెక్క ప్రకారమే. ఎక్కడం కంటే దిగేటప్పుడే అందరూ అజాగ్రత్తగా ఉంటారు.

భుజాల ఎత్తుకు ఎత్తే ఎలివేటర్, చేతులు చాచి తలపైకి ఎత్తే ఎక్స్‌టెన్షన్, గాల్లోకి విసిరే బాస్కెట్ టాస్ ఆ తర్వాతి మెట్లు. బాస్కెట్ టాస్ స్కూల్ వార్షికోత్సవానికి తగినది కాదు. చెక్క స్టేజీ మీద, సిమెంటు మీద ఎవరు అడిగినా ఒప్పుకోకండి.

ఎవరి తలకైనా దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానని చెప్పినా ఆ రోజుకు సాధన ఆపించాలి. వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మగత, చెప్పిందే మళ్లీ చెప్పడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పల్టీలు తప్పనిసరా?

కాదు. ముందు పల్టీ, బండిచక్రంలా తిరిగే కార్ట్‌వీల్ చాలు. రౌండాఫ్, బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ లాంటి కష్టమైన పల్టీలు జిమ్నాస్టిక్స్ కోచ్ దగ్గరే నేర్చుకోవాలి.

పాంపాంలు కొనాలా, ఇంట్లో చేసుకోవచ్చా?

సాధనకు ఇంట్లో చేసినవి చాలు. మెరిసే ప్లాస్టిక్ డెకరేషన్ షీట్ తెచ్చి ఒక సెంటీమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న పట్టీలుగా కోయండి. ఒక్కో పాంపాంకు 120 నుంచి 150 పట్టీలు కావాలి. అన్నిటినీ ఒకే వైపు పేర్చి, సరిగ్గా మధ్యలో గట్టి నైలాన్ తాడుతో బిగించి కట్టండి. అదే తాడుతో నాలుగు వేళ్లు పట్టేంత ఉచ్చు వేస్తే పిడి అవుతుంది. తర్వాత ఒక్కో పట్టీని విడదీసి అన్ని వైపులకూ నలపాలి. నలపకపోతే అది చీపురులా వేలాడుతుంది, బంతిలా ఉబ్బదు. క్రేప్ కాగితం చవక, కానీ చెమటకు రంగు చేతికి, బట్టలకు అంటుకుంటుంది.

పాంపాం పట్టుకున్నప్పుడు తప్పులు దాగుతాయని కొందరు అనుకుంటారు. దాగేది పిడికిలి మాత్రమే. చేతి కోణం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే మొదటి మూడు వారాలు ఉత్త చేతులతోనే సాధన చేయండి.

పొట్టి స్కర్టులే వేసుకోవాలా? అమ్మానాన్నలు ఒప్పుకోవడం లేదు.

అవసరం లేదు. ట్రాక్ ప్యాంటు లేదా లెగ్గింగ్స్, ఒంటికి సరిపోయే టీషర్టు చాలు. జట్టంతా ఒకే రంగు వేసుకుంటే అందంగా ఉంటుంది. మరీ వదులు బట్టలైతే చేతుల గీత కనిపించదు, స్టంట్‌లో పట్టు జారుతుంది. తేలికైన, అడుగు చదునుగా ఉన్న బూట్లు వేసుకోండి. గాజులు, పట్టీలు, ముక్కుపుడక, చెవిపోగులు, గొలుసులు, తాయెత్తులు తీసేయాలి. తీయలేని ముక్కుపుడక ఉన్నవాళ్లను స్టంట్‌లో పెట్టకండి. గోళ్లు కత్తిరించాలి, జుట్టు ముఖం మీద పడకుండా ముడి వేయాలి. పిన్నులు వద్దు, రబ్బరు బ్యాండ్లు వాడండి.

ఎన్ని రోజుల సాధన కావాలి?

వారానికి నాలుగు రోజులు, రోజుకు గంటంపావు చొప్పున ఎనిమిది వారాలు. మొదటి రెండు వారాలు మోషన్స్, నినాదం, ఒళ్లు వంగే వ్యాయామాలు. మూడు నాలుగు వారాల్లో జంప్‌లు, మొదటి 16 ముక్కలు. ఐదు ఆరుల్లో మిగతా ముక్కలు, ఆకారాల మార్పులు. ఏడో వారం పాటతో ముక్కలు ముక్కలుగా. ఎనిమిదో వారం రోజుకు రెండుసార్లు ఆగకుండా మొత్తం. కొత్త కదలికలు ఏడో వారం తర్వాత చేర్చకండి. చివరి నిమిషంలో చేర్చినవే స్టేజీ మీద మరిచిపోతారు.

ప్రతి రోజూ మొదటి 12 నిమిషాలు నెమ్మదిగా పరుగు, కాళ్లు ఊపడం, భుజాలు తిప్పడంతో ఒళ్లు వేడెక్కించాలి. కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ సాధన అయ్యాక చేయాలి. చల్లగా ఉన్న కండరాన్ని స్ప్లిట్‌లోకి (కాళ్లు పూర్తిగా చాచి నేలకు ఆనించే భంగిమలోకి) నొక్కడం, ఇంకొకరు వీపు మీద కూర్చుని ఒత్తడం తొడ వెనక కండరం చిరగడానికి దారి. మన ఎండల్లో ఉదయం ఎనిమిది లోపు, లేదంటే సాయంత్రం ఐదు తర్వాతే సాధన పెట్టుకోండి.

పోటీల్లో మార్కులు ఎలా వేస్తారు?

ఇంటర్నేషనల్ చీర్ యూనియన్ నాట్య విభాగాల్లో 100కు వేస్తారు. కదలికల నాణ్యతకు 30, జట్టు కలిసికట్టుదనానికి 30, కొరియోగ్రఫీకి 30, మొత్తం మీద కలిగించిన ప్రభావానికి 10. ఒకేసారి కదలడం, ఒకేలా కదలడం, దూరాలు సమానంగా ఉండటం అనే మూడింటికి కలిపే ఆ 30. అంటే ఒక్కరు అద్భుతంగా చేసి మిగతావాళ్లు వెనకబడితే లాభం లేదు. స్టంట్లు ఉండే చీర్ విభాగానికి లెక్క వేరు, వేదిక కూడా 54 అడుగుల వెడల్పు, 42 అడుగుల లోతున్న మ్యాట్. స్కూల్ పోటీలకు వెళ్లేముందు నిర్వాహకుల నియమాలు తప్పక అడిగి తీసుకోండి. సమయం దాటితే, నిషేధించిన స్టంట్ చేస్తే మార్కులు కోస్తారు.

అమెరికాలో చదువుతున్న మా అమ్మాయి స్కూల్ జట్టుకు ట్రైఅవుట్ (ఎంపిక పరీక్ష) ఇవ్వాలంటోంది. ఏం సిద్ధం చేసుకోవాలి?

అక్కడ రెండు దారులున్నాయి. స్కూల్ జట్టు ఆటల పక్కన నిలబడి ప్రోత్సహిస్తుంది. ఆల్‌స్టార్ అనేది ప్రైవేటు జిమ్‌లు నడిపే, కేవలం పోటీల కోసం ఉండే జట్టు. దానికి ఖర్చూ ప్రయాణాలూ ఎక్కువ. స్కూల్ ట్రైఅవుట్‌లో మామూలుగా ఒక చీర్, ఒక ఛాంట్, ఒక చిన్న డాన్స్, జంప్‌లు చూస్తారు. నినాదాలు, డాన్స్ రెండు మూడు రోజుల ముందు వాళ్లే నేర్పిస్తారు. పల్టీలు వస్తే అదనపు బలం. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకున్న అమ్మాయిలకు లెక్క, ముఖంలో భావం, చూపు నిలపడం ముందే వచ్చి ఉంటాయి. మార్చుకోవలసింది ఒకటి. అరమండిలో కిందికి నొక్కే బరువును ఇక్కడ పైకి లేపాలి, మోకాళ్లు నిటారుగా రావాలి.

ప్రదర్శన మధ్యలో పాట ఆగిపోతే ఏం చేయాలి?

ఆగకండి. స్పీకర్ వైపు, మాస్టారి వైపు చూడకండి. ముందు వరుస మధ్యలో ఉన్న కెప్టెన్ అదే వేగంతో గట్టిగా లెక్క అందుకోవాలి, ఎనిమిది దెబ్బల తర్వాత జట్టంతా గొంతు కలపాలి. స్టంట్ జరుగుతుంటే మాత్రం దాన్ని లెక్క ప్రకారం దించేసి, అప్పుడు కొనసాగించాలి. దీన్ని కూడా సాధన చేయాలి. ఎనిమిదో వారంలో ఒక రోజు చెప్పకుండా పాట ఆపేసి చూడండి. పాట వెంటనే రాకపోతే కెప్టెన్ మీ ఛాంట్ ఎత్తుకుని ప్రేక్షకుల వైపు చేయి చూపించాలి. "నీలం అంటే?" అని అడిగితే హాలంతా "గెలుపే!" అంటుంది. స్పీకర్ మళ్లీ పలికేదాకా వాళ్ల చప్పట్లే మీకు తాళం.